ఎండకు రంగు తెచ్చుకున్న నీళ్ళు

మా చిన్నమ్మాయికి డాక్టరేటు వచ్చింది. సముద్రపు నాచు మీద ఆమె చేసిన పరిశోధనను ఒప్పుకున్నారని నిన్న కబురందింది. ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరడం లేదు. అందరికంటే ముందు వినవలసిన మాస్టారు పోయిన వారమే కన్నుమూశారు.

ఎల్బీ నగర్‌లో మా ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేవారు. కోస్తా మనిషి, కాలేజీలో జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు అమ్మినవాణ్ణి, చదువు అంతంతమాత్రం. నాకూ అర్థమయ్యేట్టు చెప్పేవారాయన. కంటికి ఆనని ఆ నాచు, హాయిగా ఉన్నంతకాలం ఉప్పునీళ్ళలో పచ్చగా పెరుగుతుందట. ఉప్పూ ఎండా ఎక్కువై తిండి తగ్గితే, పెరగడం మానేసి లోపల నారింజ రంగు నింపుకుంటుందట. క్యారెట్‌లో ఉండే రంగే, మన కళ్ళకు మంచిది.

ఆ రంగు కోసమే అమ్మాయి కొన్ని నాచు సీసాలు డాబా మీద ఎండలో పెట్టి, పని మీద ఊరెళ్ళింది. మాది పోచంపల్లి. రంగు వేసిన నూలును నీడలోనే ఆరేస్తాం. ఆ అలవాటు కొద్దీ మా ఆవిడ సీసాల మీద పాత చీర కట్టింది. అమ్మాయి వచ్చి చూస్తే అన్నీ పచ్చగానే ఉన్నాయి.

"ఇగ నాతోని కాదు బాపూ, ఇడ్సిపెడ్త" అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

"గంత ఎండల పెడితే రంగు ఎల్లిపోదా సారూ?" అంది మా ఆవిడ, బిక్కమొహం వేసుకుని.

మాస్టారు నవ్వారు. "పోదమ్మా, ఎండకే వస్తుంది. ఆ రంగు దానికి గొడుగు. మీరే చీర పట్టాక ఇంక గొడుగెందుకు దానికి?" అమ్మాయికీ నవ్వొచ్చింది. మాస్టారు ఆమె వైపు తిరిగారు. "పారబొయ్యకు తల్లీ. బలంగా ఉన్నాయి, విత్తనానికి పనికొస్తాయి. మళ్ళీ మొదలుపెడదాం."

ఆ ఎండాకాలమంతా తలకు తువ్వాలు చుట్టుకుని ఆమె పక్కనే కూర్చున్నారు. సీసాలు రంగు తిరిగిన రోజు మా ఆవిడ చేత పాయసం చేయించుకుని మరీ తిన్నారు.

"ఇంకెన్నేండ్లు సదివిస్తవ్ బావా? పిల్లతోని పాచి పెంపిచ్చుడేంది?" అని మా బావమరిది ఎత్తిపొడిస్తే, మాస్టారే అందుకున్నారు. "ఎండా ఉప్పూ ఆ సీసాలకండీ. పిల్లకొద్దు." బావమరిది టీ తాగి మాట మార్చాడు.

చివరి రోజుల్లో దవాఖానలో కూడా నన్ను చూడగానే, "ఏమన్నా కబురొచ్చిందా అండీ?" అనే అడిగారు.

ఇక చెప్పవలసినవాళ్ళు: సైదాబాద్‌లో మా అక్క, బాటసింగారంలో బావమరిది, బాలాపూర్‌లో పెద్దమ్మాయి అత్తగారు, పోచంపల్లిలో మా చిన్నాయన, పై వాటాలో మాస్టారి భార్య. ఆమె కూడా మాకు చుట్టం కిందే లెక్క. చెవులు వినపడవు. ఏ మాటైనా మాస్టారు ఆమె అరచేతిలో వేలితో రాసి చెప్పేవారు. అమ్మాయి ఇందాకే పైకి వెళ్ళింది. నేనూ మెట్లెక్కి చూస్తే తలుపు తీసే ఉంది. అమ్మగారు చెయ్యి చాపారు, అమ్మాయి మెల్లగా రాస్తోంది.