ఆ మధ్యాహ్నం వడ్డించిన చేపల పులుసు

ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. గుడిలో నిలబడి దేవుడికి కూడా చెప్పలేదు; చెప్పబోయి, పిల్లల ఆరోగ్యం గురించి ఏదో మొక్కుకుని వచ్చేశాను. మోయలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర లేదు.

పాడైపోయిందని తెలిసీ ఒక ముసలాయనకు చేపల పులుసు పెట్టాను. ఆయన చనిపోయాడు. తర్వాత ఆయన కూతురు వచ్చి అడిగితే అబద్ధం చెప్పాను. ఈ రెండింట్లో ఏది పెద్ద తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కోరుట్ల దాటాక ఒక చెరువు ఒడ్డున మాకు హోటల్ ఉండేది. చెరువు పేరు చెప్పను. కింద బార్, మీద భోజనాల హాలు. నిజాం కాలంలో ఎవరో అధికారి వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్న బంగ్లా అది. టేకు దూలాలు, పెంకుల కప్పు, నీళ్ల మీదికి చొచ్చుకొచ్చిన వరండా. మా తాత దాన్ని కొన్నాడు. మా నాన్న హోటల్ పెట్టాడు. నా చేతికి వచ్చేనాటికి చుట్టుపక్కల దాని పేరు తెలియనివాళ్లు లేరు. జగిత్యాల జిల్లా అయ్యాక బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లను కూడా ఎవరో ఒకరు మా దగ్గరికి తీసుకొచ్చేవారు. వరండాలో చెరువు కనిపించేలా నిలబడి అందరూ ఫోటోలు దిగేవారు.

వంట మాత్రం ఎప్పుడో చెడింది. నాన్న కాలం నాటి వంటవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను పట్టించుకోలేదు. ఒకటే మసాలా గంజు పొయ్యి మీద ఉండేది. అందులో కోడి వేస్తే కోడికూర, గుడ్లు వేస్తే గుడ్లకూర. తిన్నవాళ్ల ముఖాల్లో నాకు అన్నీ కనిపించేవి. కానీ ఎవరూ పైకి అనేవారు కాదు. అంత పేరున్న చోట తిని బాగాలేదంటే, తమకే రుచి తెలియదని నలుగురూ అనుకుంటారేమోనని జంకేవారు. వాళ్ల ఆ జంకు మీదే నా వ్యాపారం నడిచింది.

ఎండాకాలం. ఆ రోజు రుద్రంగి నుంచి మా మేనమామ వాళ్లు వచ్చారు. వాళ్ల అమ్మాయి సంబంధం మాట్లాడుకోవడానికి, పెళ్లివారితో సహా. భూములున్న కుటుంబాలు, మర్యాదలు చూసేవాళ్లు. వాళ్ల కోసం పొద్దున్నే కొర్రమట్ట చేపలు తెప్పించాను, బతికున్నవి. ముందు తెచ్చిన బొచ్చె చేప ముక్కలు కొన్ని ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆ ఫ్రిజ్ ఎప్పుడు ఆగిపోయిందో మేమెవరమూ చూసుకోలేదు.

మా వంటమనిషి మల్లేశం గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు.

"వాసనస్తున్నది సేటూ. పారేస్త."

నేను వాసన చూశాను. అవసరం లేకపోయింది, గిన్నె దగ్గరికి రాకముందే తెలిసింది. "ఉండనీ, చూద్దాం" అన్నాను. ఎందుకన్నాను? అప్పటికి ఎవరికో పెట్టాలన్న ఆలోచన కూడా లేదు. పారేయమనడం అలవాటు లేదు, అంతే.

అప్పుడే వాళ్లిద్దరూ మెట్లెక్కి వచ్చారు. ముందు కూతురు. వెనక, మెట్టు మెట్టుకూ ఆగుతూ, ఉతికిన పంచె కట్టుకున్న ముసలాయన. గొల్లపల్లి దగ్గర ఊరు. భూమి లేదు, జీవితమంతా కూలి. ఆ పిల్ల సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. మొదటి జీతం అందగానే తండ్రిని తోలుకొచ్చింది. ఇవన్నీ ఆయనే చెప్పాడు, నేను అడగకుండానే.

"గీ చెర్ల గుర్రపుడెక్క తీసిన దొరా, మీ నాయినున్నప్పుడు. గుంపు గుంపు అచ్చెటోళ్లం. మీదికెక్కుడు మాత్రం గిదే మొదలు." నవ్వాడు. "కిందికెల్లి సూస్తుంటే, మీద తినెటోళ్లు కనవడుతుండె."

ఆ పిల్ల వరండా పక్కన బల్ల అడిగింది. ఖాళీగానే ఉంది. కానీ దాని పక్కనే మా వాళ్ల బల్లలు. నేను చేతులు కడుక్కునే చోటు పక్కన మూల బల్ల చూపించాను. ఏ మాటా మనసులో అనుకోలేదు. చెయ్యి దానంతటదే అటు చూపించింది. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా, నన్ను నేను అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకునేది ఆ చెయ్యిని చూసే.

చేపల పులుసు, గుడ్లకూర అడిగారు. లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ వాళ్ల ముందు నుంచే మా వాళ్లకు కొర్రమట్ట పళ్లేలు పోతున్నాయి. మా వాళ్ల గంజులోంచి నాలుగు ముక్కలు తీసినా ఎవరికీ తెలిసేది కాదు. తీయలేదు. వంటింట్లోకి వెళ్లి, ఆ బొచ్చె ముక్కల్లో చింతపండు, కారం ఎక్కువ వేసి మరిగించమన్నాను. మల్లేశం నా వైపు చూశాడు. "ముందుగాల చెప్పింది చెయ్" అన్నాను. చేశాడు.

కాసేపటికి ఆ పిల్ల లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది, నా పరువు కాపాడాలన్నట్టు.

"సార్, చేప వాసనస్తున్నది. జరంత సూడుండ్రి."

మా మేనమామ తల తిప్పి చూశాడు. పెళ్లివారు మాటలాపారు. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, వాళ్లకు వినపడిందని. కానీ చూపించింది ఆమె మీదే. ఆమెతో పాటు వాళ్ల బల్ల దాకా నడిచి, అందరికీ వినపడేలా అన్నాను:

"ఎన్నడన్న గీసొంటి హోటల్ల తిన్నవా నువ్వు? చేప వాసన రాక మల్లెపూల వాసనస్తదా? పెద్ద పెద్దోళ్లు తిని పోతున్నరు ఈడ. నీకే బాగలేదా?"

మా వాళ్లలో ఎవరో నవ్వారు. ఆ పిల్ల ముఖం నల్లబడింది. ఏదో అనబోయింది. ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మంచిగున్నది దొరా," అన్నాడు. "పిల్ల, దానికి తెల్వది. నువ్వేమనుకోకు."

అని, ఒక ముక్క తీసి అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. అక్కడే నిలబడ్డాను. ఆయన నన్ను చూస్తూ ఇంకో ముక్క తిన్నాడు. కూతురు గుడ్లకూరతో తింటోంది, అదీ మానేసింది. ఆమె గిన్నెలోని చేప కూడా ఆయనే వేసుకున్నాడు. ఒకసారి మాత్రం నమలడం ఆపి, కళ్లు మూసుకుని మింగాడు. నేను చూశాను. తన కూతురిని ఇంకో మాట అననివ్వకుండా ఉండటానికి ఆయన తింటున్నాడని నాకు తెలుసు. అది తెలిసీ, పళ్లెం ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. ఎందుకు? నేను గెలవాలి కాబట్టి. ఇంకో కారణం వెతికాను, దొరకలేదు.

పోతూ పోతూ ఆయన నాకు దండం పెట్టాడు. వాళ్లు మెట్లు దిగగానే మిగిలిన పులుసు గుంత తీసి పూడ్చమన్నాను. కుక్కలు తింటాయేమోనని పూడ్చమన్నాను. కాబట్టి నాకు తెలియదని ఎవరి దగ్గరా అనడానికి లేదు.

ఆయనకు ఇంటికి చేరేలోపే వాంతులు మొదలయ్యాయట. ఊళ్లో మందులిచ్చారు. తగ్గకపోతే జగిత్యాల ఆసుపత్రికి తెచ్చారు. అప్పటికే ఒంట్లో నీళ్లు పోయి కిడ్నీలు పనిచేయడం లేదన్నారట. బతకలేదు. షుగర్ ఉంది, వయసు మీద పడింది, ఎండలో తిరిగాడు అని జనం అనుకున్నారు. మా హోటల్ మాట ఎవరూ ఎత్తలేదు. మల్లేశం అత్తగారి ఊరు అటే. అతనే వచ్చి నాకు చెప్పాడు. చెప్పి, నేనేమంటానో అని కాసేపు నిలబడ్డాడు. నేను కూరగాయల సంగతి అడిగాను. మర్నాటి నుంచి అతను పనికి రాలేదు.

అప్పటి నుంచీ ఎవరు మెట్లెక్కినా పోలీసులేమో, హోటళ్లు తనిఖీ చేసే ఆఫీసు వాళ్లేమో అనిపించేది. ఆయన గురించి ఏడవాల్సిన రోజుల్లో నేను లైసెన్సు గురించి భయపడ్డాను. ఇది కూడా చెప్పాలి కదా.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక రోజు ఆ పిల్ల వచ్చింది. ఒంటరిగా. గొడవకు వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను. ఆమె కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని అడిగింది.

"సార్, ఒక్క మాట నిజం చెప్పుండ్రి. ఆ రోజు చేప పాడైందా? నేను కొట్లాటకు రాలే. బాపు అద్దంటె నేనే జిద్దు చేసి తోలుకచ్చిన. వాసన తెలిసి గూడ తింటుంటే సూస్కుంట కూసున్న. చెయ్యి పట్టి లేపక పోతి. నిద్ర వడ్తలేదు సార్. నా వల్లనే పోయిండా?"

మీరే చెప్పండి, అక్కడ ఏమనాలి? పాడైంది, కానీ తప్పు నాది, నీది కాదు, నేను నిలబడి తినిపించాను అనాలి. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. వచ్చి, మారిపోయింది.

"తాజా చేప బిడ్డా," అన్నాను. "మా చుట్టాలు గూడ గదే తిన్నరు. ఎవ్వలకేం కాలే. మీ బాపుకు టైమచ్చింది. నీ తప్పేం లేదు."

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత బల్ల అంచు వదిలేసి కింద కూలబడి ఏడ్చింది. లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "నిమ్మలమైంది సార్. మీరు చెప్తేనే నమ్ముదామనుకున్న" అని రెండు చేతులూ జోడించింది.

ఆమె మంచి కోసమే ఆ అబద్ధం చెప్పానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం చెబితే తండ్రికి పాడైన కూడు పెట్టించానన్న బాధ మళ్లీ ఆమె మీద పడుతుందని, నేను మౌనంగా ఉండటమే ఆమెకు మేలని. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ ఆ క్షణంలో నేను ఆమెను తలచుకోలేదు. ఆమె ఎక్కడ కంప్లైంట్ ఇస్తుందోనని మాత్రమే తలచుకున్నాను. ఆమెకు నిద్ర పట్టింది. అది నా భయంలోంచి రాలిపడింది, దయలోంచి కాదు. అసలు ఆమె నన్ను నిజంగా నమ్మిందా? లేక తండ్రిలాగే, ఆ రోజు ఆ బల్ల దగ్గర ఆయన చేసినట్టే, కాదనలేక మింగి వెళ్లిందా? తెలియదు.

తర్వాత హోటల్ వేరేవాళ్లకు అప్పజెప్పాను. ఆరోగ్యం బాగాలేదని ఇంట్లో చెప్పాను. ఒకసారి సిరిసిల్ల వెళ్లి, షెడ్డు వదిలే వేళకు గేటు ఎదురుగా కారులో కూర్చున్నాను. ఆడవాళ్లు గుంపుగా బయటికి వచ్చారు. వాళ్లలో ఆమె ఉంది. పక్కామెతో ఏదో చెబుతూ, నవ్వుతూ, ఆటో ఎక్కింది. కారు తలుపు మీద చెయ్యి వేశాను కానీ తెరవలేదు. ఆ నవ్వు చూసి దిగలేకపోయాను అని చెబితే మీరు నమ్ముతారేమో. నేను మాత్రం నమ్మను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆమె చేతిలో ఉందేమో, ఆమెను అడిగే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు. ఒక మనిషితో అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించింది, చెప్పాను. ఇది రాయడం మొదలుపెట్టినప్పటి కంటే ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఆమెకు మాత్రం ఇంకా ఏమీ తెలియదు.