అవధానంలో అడగకూడని ప్రశ్న

ఈ సాయంత్రం ఆబిడ్స్‌లో జరిగిన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం నాకిచ్చారు. పద్యం చెబుతున్న అవధాని ధ్యాస చెదిరేలా మధ్యమధ్య సంబంధం లేని ప్రశ్నలు వేయడం నా పని. ఏది అడిగినా ఆయన చమత్కారంగా బదులివ్వాలి.

మొదట ఉప్మా గురించి అడిగాను. సభంతా నవ్వింది. రెండోసారి, "అవధానిగారూ, నిన్న నాంపల్లి స్టేషన్ ముందట ఊరేగింపుల జెండ పట్టుకున్న మా తమ్ముని తల పోలీసోళ్ళు పగలగొట్టిన్రు. వాడు దవాఖానల ఉన్నడు. గీ సంగతి మీ కవులకు ఎరుకేనా?" అన్నాను.

అవధాని చూపు సభ నిర్వాహకుల వైపు తిరిగింది. సభ నడిపిస్తున్న తెలుగు మాస్టారు గబగబా నా దగ్గరికి వచ్చారు.

"ఏందమ్మా, గిదా అడిగేది? జర నవ్వొచ్చేటిది అడుగు."

"ఏదన్న అడగొచ్చని మీరే గద సార్ చెప్పిన్రు?"

"ఏదన్న అంటే గిసొంటివా? కవిత్వంల రాజకీయాలెందుకు? మైకు ఇటియ్యి."

మైకు పక్కాయనకు పోయింది. బాణం తగిలిన పావురాన్ని వర్ణించమని ఆయన కోరారు. అవధాని కళ్ళు మూసుకుని ఎంత కరుణగా చెప్పారో! ముందు వరసలో రుమాళ్ళు బయటికి వచ్చాయి. మాస్టారూ కళ్ళు తుడుచుకున్నారు. పద్యం బాగుంది, కాదనను. పావురం చేతిలో జెండా లేదు కనుక దాని కోసం ఏడవడం ఎవరికీ కష్టం కాలేదు.

నేను చప్పట్లు కొట్టకుండా లేచి దవాఖానకు వచ్చాను. తలకు కట్టుతో తమ్ముడు మేలుకునే ఉన్నాడు.

"అక్కా, అడిగినవా? ఏమన్నరు?"

మీరైతే వాడికేం చెప్పేవారు?