మిద్దె మీద పొయ్యి పెట్టిన రామచంద్రం సార్

రామచంద్రం సార్ ఇక లేరన్న తంతి, రామచంద్రం సార్ స్వహస్తాలతో రాసిన ఉత్తరం, రెండూ ఒకే పూట, బదిలీ మీద నేనున్న ఆసిఫాబాదులో, నా చేతికి అందాయి. తపాలా జవాను ముందు తంతి ఇచ్చి సంతకం పెట్టించుకుని, ఆ తరువాత సంచిలో వెదికి ఉత్తరం తీసి ఇచ్చాడు. తంతిలో నాలుగే మాటలు. ఉత్తరంలో మాత్రం వారు సజీవులై ఉన్నారు. "మిద్దె మీది పందిరి వాసాలు పురుగు పట్టినయి. మీ దిక్కు వెదురు గట్టిగ ఉంటదంటరు. ఈసారి వచ్చేటప్పుడు పది బొంగులు తెస్తివా, ఎండలు ముదరక ముందే మార్చుకుంటం" అని, ఆ ముత్యాల వంటి అక్షరాలతో రాశారు.

ఏది నమ్మాలో నాకు తోచలేదు. తంతి మరెవరి గురించో అయి ఉండవచ్చునని ఒక క్షణం ఆశపడ్డాను కూడా. ఆ తరువాత నేను చేసిన పని ఎందుకు చేశానో నేటికీ నాకు బోధపడలేదు. సంతకు పోయి పది వెదురు బొంగులు కొని, బస్సు టాపు మీద వేయించి, మంచిర్యాల మీదుగా జగిత్యాలకు బయలుదేరాను. ఇద్దరు మనుషుల చేత వాటిని మోయించుకుని సార్ ఇంటి ముందుకు చేరేసరికి, వాకిట్లో గుమిగూడిన జనంలో నుంచి సార్ అన్నగారి కొడుకు ఎదురు వచ్చి, "మంచి పని చేసినవు సార్. పాడెకు బొంగులు దొర్కక పొద్దటి సంది పరేషాన్ అయితున్నం" అన్నాడు. పందిరి కోసం తెచ్చానని చెప్పబోయాను. అప్పటికే అతను బొంగులు దింపించుకుంటున్నాడు. గురుతుల్యులు నన్ను అడిగిన చివరి వస్తువు వారి అంతిమయాత్రకే పోయింది. పాడెకు పోగా మిగిలిన బొంగులు చితి మీదికి పోయాయి.

ఆ కలత ఇంకా తీరలేదు. ఈ స్థితిలో వారి గురించి రాయడానికి పూనుకోవడం సాహసమే. వారిని ఎరిగినవారు నా తడబాటును మన్నింతురు గాక.

రామచంద్రం సార్ జగిత్యాల ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయులు. పోలీసు చర్య జరిగిన రెండవ ఏడు, బడులన్నీ ఉర్దూ నుంచి తెలుగుకు మారుతున్న సంధికాలంలో, నేను భూగోళం చెప్పే పంతులుగా అక్కడికి వెళ్లి, వారి ఇంటి ముందుగదిలో అద్దెకు దిగాను. ఇంట్లో ముగ్గురే: సార్, వారి ధర్మపత్ని అనసూయమ్మ, వారి వృద్ధమాత. ఆమెను నేను పెద్దవ్వ అనేవాణ్ణి. సంతానం లేదు. సార్ మితభాషి. తరగతిలో గీత వంకర పోతే కోప్పడేవారు కాదు గాని, రబ్బరు చేతికిచ్చి పక్కనే నిలబడేవారు. "తుడువు. తుడిచినంక కాగితం మీద మచ్చ ఉంటది. ఆ మచ్చను సూస్కుంట గియ్యాలె" అనేవారు. ఆ మాట విన్న విద్యార్థులు నేడు జిల్లా అంతటా ఉన్నారు.

ఆ ఇంటి వంటగది నాలుగు గోడల నడుమ చీకటి గుయ్యారం. కిటికీ లేదు. మధ్యాహ్నం కూడా దీపం ఉండవలసిందే. అనసూయమ్మకు దగ్గు. పొయ్యి ముట్టించిన ప్రతిపూటా ఆ దగ్గు నా గది దాకా వినిపించేది. కరీంనగరంలో ఒక వైద్యుడు పరీక్షించి, ఈమె పొగకు దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు నిలువవని చెప్పి పంపాడు. సార్ తిరిగి వచ్చిన మరునాడు మిద్దె ఎక్కి, ఒక గడకర్రకు ఎర్రటి గుడ్డపీలిక కట్టి నిలబెట్టారు. గాలి ఏ నెలలో ఎటు నుంచి వీస్తుందో చూసి, డ్రాయింగు పుస్తకంలో బాణం గుర్తులతో గీసుకోసాగారు. వారి ఆలోచన నాకప్పటికి తెలియదు. అడిగితే, "చూస్తున్న" అన్నారు.

అవి కమ్యూనిస్టుల వేటలో అందరినీ అనుమానించే రోజులు. ఇంటి మీద ఎర్రగుడ్డ ఎగిరితే ఊరుకుంటారా. ఒక ఉదయం పోలీసు అమీను ఇద్దరు జవాన్లతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"గా జెండా ఎవలిది పంతులూ?"

"జెండా కాదు సాబ్. గాలి కోసం."

"గాలికి నువ్వు జెండా గట్టుడేంది?"

సార్ లోపలికి వెళ్లి డ్రాయింగు పుస్తకం తెచ్చి చూపించారు. దానితో వ్యవహారం మరింత చెడింది. అమీను పేజీలు తిప్పి, "గీ బాణాలేంది? ఎవలికి తొవ్వ జూపిస్తున్నవు?" అన్నాడు. సరిగ్గా అప్పుడే లోపల పొయ్యి ముట్టింది. దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. అమీను మాట మధ్యలో ఆపి అటు చూశాడు. సార్ తల వంచుకుని, "పొయ్యి పైకి తీస్కపోవాల్నని సాబ్. పొగ ఆమె దిక్కు రాకుంట ఎటు పెట్టాల్నో తెల్వాలె గద" అన్నారు. ఎర్రగుడ్డ తీసి తెల్లగుడ్డ కట్టుకోమని చెప్పి అమీను వెళ్లిపోయాడు. ఇంత కాలం పక్కగదిలో ఉన్న నాకు, ఆ గుడ్డ ఎందుకో ఆ పూటే, ఒక పోలీసుతో పాటు తెలిసింది.

మిద్దె మీద వంట అన్న ఊహ వారికి ఎక్కడిదంటే, నా భూగోళం పుస్తకంలోనిదే. అందులో మధ్యధరా సముద్ర తీరపు ఊరి బొమ్మ ఒకటి ఉండేది. తెల్లటి ఇళ్లు, చదునైన కప్పులు, ఒక కప్పు మీద పొయ్యి దగ్గర నిలబడిన స్త్రీ. సార్ ఆ బొమ్మను ఎన్నిసార్లు అడిగి తీసుకున్నారో లెక్కలేదు. నేను చదువుకున్నవాణ్ణన్న అహంకారంతో, అక్కడ వానలు చలికాలంలో పడతాయని, ఎండాకాలమంతా పొడిగా ఉంటుందని, మన వాతావరణం అది కాదని వివరించాను. వారు ఓపికగా విన్నారు. "మనకు వాన నాలుగు నెలలు గద శంకరం. ఎనిమిది నెలల ఊపిరి తక్కువనా?" అన్నారు. నేను పుస్తకం వారి చేతిలోనే వదిలేశాను.

ఏడాది గడిచాక ఎల్లయ్య మేస్త్రీని పిలిచారు. పడమటి వైపు నిలువెత్తు అడ్డుగోడ, దానికి ఆనుకుని మూడు పొయ్యిలు. పొయ్యిలు నేల మీద కాదు, గట్టు మీద. అనసూయమ్మను నిలబెట్టి, మోచేతి వరకు స్కేలుతో కొలిచి, దానికి జానెడు తక్కువగా గట్టు కట్టించారు. పైన షాబాదు బండ పరిపించారు. బావి నీళ్లు నేరుగా పైకి తోడుకోవడానికి గిరక. నీళ్లు నిలువ ఉంచడానికి నల్లా బిగించిన ఇత్తడి గంగాళం. ఎండకు గడ్డి పందిరి. అకాలంగా వాన వస్తే కప్పడానికి చుట్టి పెట్టిన తాటిపత్రి పట్టా. వీధి వైపు పిట్టగోడను మాత్రం నడుము ఎత్తుకు మించనీయలేదు, గాలి ఆడాలని. "నిలవడి వండుడు నేనెన్నడు సూడలే సార్" అని ఎల్లయ్య నసుగుతూనే కట్టాడు. మొదటి రోజు పొయ్యి ముట్టించినప్పుడు పొగ నిట్టనిలువుగా లేచి, గోడ ఎత్తు దాటాకే తూర్పుకు తిరిగి ఊరి మీదుగా పోయింది. అనసూయమ్మ దగ్గలేదు. సార్ ముఖంలో ఆనాడు చూసిన ప్రసన్నతను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

అయితే పెద్దవ్వ ఒప్పుకోలేదు. "వంటిల్లంటె నాలుగు గోడల నడుమ ఉంటది. నా కోడలు బజారోళ్లందరికి కనవడుకుంట వండుడేంది? నేనా కూడు ముట్ట" అని కింద చీకటిగదిలోనే తన వంట తాను వండుకోసాగింది. సార్ ఆమెను బతిమాలలేదు, భార్యను వారించలేదు. ప్రతిపూటా పైన సగం కడుపు తిని, కిందికి దిగి తల్లి దగ్గర సగం కడుపు తినేవారు. ఆరు సంవత్సరాలు. ఇది మహనీయమైన సహనమా, లేక తేల్చి చెప్పలేని పిరికితనమా అని నేను అప్పుడూ నిర్ణయించుకోలేకపోయాను, ఇప్పుడూ లేను.

ఒక వేసవిలో సార్ పరీక్షల పని మీద ఆదిలాబాదు వెళ్లారు. ఆ ఉదయం పెద్దవ్వ ఒక్కొక్క మెట్టు చేత్తో తడుముకుంటూ పైకి వచ్చింది. అనసూయమ్మ జొన్నరొట్టె కొడుతూ ఆగిపోయింది. ముసలామె గోడకు చేరగిలబడి కూర్చుని, రొట్టె అడిగి తిని, "కింద నాకు ఉప్పు డబ్బ కనవడ్తలేదు బిడ్డా. ఎన్నొద్దుల సంది కనవడ్తలేదో చెప్తె సిగ్గయితది" అంది.

సార్ తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అలవాటు ప్రకారం తల్లి దగ్గర తినడానికి కింది వంటగదికి వెళ్లారు. పొయ్యి చల్లగా ఉంది. "అవ్వ ఏది?" అని అడిగారు. "పైన" అన్నాను. సగం మెట్లు ఎక్కి, అత్తాకోడళ్లు పక్కపక్కన ఉండటం చూసి, చప్పుడు చేయకుండా వెనుదిరిగి వీధిలోకి వెళ్లిపోయారు. గంటకు గాని రాలేదు. సంతోషమో దుఃఖమో తెలియదు. వచ్చాక, "అవ్వతోని నిలవడుడు కాదు గద. ఆమెకు కూసుండి వండుకునే పొయ్యి ఒకటి పెట్టాలె" అని మాత్రం అన్నారు. పెట్టించారు. పెద్దవ్వ రెండేళ్ల తరువాత కన్నుమూసే దాకా, వానాకాలం తప్ప, ఆ పొయ్యి చల్లారలేదు.

ఇంతవరకు నాకు తెలిసిన రామచంద్రం సార్ వీరు. పదవ రోజు కర్మ ముగిశాక అనసూయమ్మ చెప్పిన మాటలతో, నాకు నిజంగా ఎంత తెలుసు అన్న సందేహం కలిగింది.

"మీ సార్ నాకు పాణం పోసిండని అందరు అంటుండ్రు తమ్మీ. అబద్ధం కాదు. కని నన్నొక్కసారి గూడ అడుగలే. గాలిని ఏడాది సూసిండు, నా మోచెయ్యి కొల్సిండు. నీకు ఇష్టమేనా అని అడుగలే."

"ఇష్టం లేకుండెనా అక్కా?" అన్నాను.

"పెండ్లయిన సంది నన్ను బయటి మొగోళ్లు చూడలే. ఒక్కసారి ఊరందరి ముంగట నిలవెట్టె. మొదలు ఏడాది పొగ లేకున్న కండ్లల్ల నీళ్లే. ఆయన చూసి, ఇంక పొగ తగుల్తున్నదని పందిరి జరిపిచ్చిండు."

ఆమె ఆ మాటకు కొద్దిగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ ఏడాదంతా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పందిరి జరిపినప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. నాకూ పొగే అనిపించింది. అంత సూక్ష్మంగా గాలిని పరిశీలించిన మనిషి, కళ్లెదుట ఉన్న కన్నీటిని ఎలా పోల్చుకోలేకపోయారు? పోల్చుకునీ, ఊపిరి ముఖ్యమని ఊరుకున్నారా? అడుగుదామంటే వారు లేరు. వారు ఉండగా అడగాలని తెలియలేదు.

"మరి ఇప్పుడు కిందికే దిగుతవా అక్కా?" అన్నాను.

ఆమె మెట్ల వైపు చూసింది. "ఏం చెయ్యాల్నో ఎవరన్న చెప్తరేమొనని పది దినాల సంది చూస్తున్న. ఎవ్వరు చెప్తలేరు" అంది.

మరునాడు నేను బయలుదేరే ముందు ఆమె ఎల్లయ్య మేస్త్రీని పిలిపించింది. ముగ్గురం పైకి వెళ్లాము. ఆమె వీధి వైపు నడిచి, ఆ పిట్టగోడ దగ్గర నిలబడింది.

"గీ గోడ లేపాలె ఎల్లయ్యా."

"గాలి ఆగుతదేమొ అమ్మా. సార్ వద్దన్నడు గద."

"జర ఆగనియ్యి."

"ఎంత ఎత్తు లేపమంటవు?"

ఆమె అరచెయ్యి అడ్డంగా పెట్టి, తన గడ్డం కింద ఆనించి చూపించింది. "గీడికి. నాకు బజారు కనవడాలె. బజారుకు నేను కనవడొద్దు."

ఎల్లయ్య నా వైపు చూశాడు. అది సార్ గీసిన కొలత కాదు. సార్ ఉంటే సరే అనేవారో, రబ్బరు అందుకునేవారో, నాకు తెలియదు. "అక్క చెప్పినట్టే లేపు" అన్నాను. ఎల్లయ్య అక్కడే దారం పట్టి, అంత ఎత్తున పడమటి అడ్డుగోడకు గుర్తు పెట్టాడు.

రామచంద్రం సార్ వంటి మనిషి మా జగిత్యాల బడికి మళ్లీ రారు. ఒక స్త్రీ దగ్గు వినలేక సంవత్సరం పాటు ఆకాశాన్ని చదివిన ఆ మహానుభావునికి, ఆమె మనసును చదవడం మరిచిపోయిన ఆ సామాన్య మానవునికి, ఇద్దరికీ కలిపి ఒక్క నమస్కారమే చేయగలుగుతున్నాను. ఏ ఒక్కరినో ఎంచుకుని వేరుగా మొక్కుదామంటే నా చేతులు రావడం లేదు.