మా అమ్మ అరచేతి కాయలు

మా అమ్మ తాండూర్ల బండలు కొట్టే పనికి పోతుండె, నా చిన్నప్పుడు. నాయిన లేడు. ఇంట్ల మేమిద్దరమే. పొద్దుగాల లేస్తే అమ్మ మొఖం ఉబ్బి ఉంటుండె, పొద్దుమీకి కాళ్లు వాస్తుండె. అడిగితే, "ఎండల పని బిడ్డా, గట్లనే ఉంటది" అని సుత్తె భుజాన ఏసుకొని పోయేది.

నాకు చిన్నమ్మ లెక్కుండే పక్కింటి ఖాలా చూసి చూసి ఒకనాడు ఊకోలేదు. మా ఇద్దరిని రైలెక్కించి వికారాబాద్‌ల ఒక డాక్టర్ సాబ్ దగ్గరికి తోల్కపోయింది. ఆయన అమ్మ చెయ్యికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం ఎక్కుడు చూసిండు. అమ్మ మూత్రం గాజు గొట్టంల పోసి దీపం మీద కాగబెట్టిండు. నీళ్లోలె ఉన్నది తెల్లగ చిక్కబడ్డది. రక్తపోటు మస్తున్నది, మూత్రపిండాలు చెడుతున్నయన్నడు.

అమ్మ నవ్వింది. "నాకేడ నొస్తలేదు సారు. నొయ్యనిది రోగమెట్లయితది?"

డాక్టర్ సాబ్ కోపం చెయ్యలే. అమ్మ అరచెయ్యి తిప్పి, సుత్తె పట్టే కాడ కాసిన కాయను సూదితోని పొడిచిండు.

"నొచ్చిందా?"

"లేదు సారు."

అప్పుడు నిమ్మళంగ చెప్పిండు. సుత్తె కర్ర రోజూ రాసి రాసి గీ తోలు గట్టిపడ్డది గదా. మూత్రపిండాలల్ల వెంట్రుక కన్న సన్నటి రక్తనాళాలు ఉంటయట. జోరుగ వచ్చే రక్తం రోజూ కొట్టి కొట్టి, వాటి గోడలు గూడ గిట్లనే మందమైతయట. లోపటి దారి ఇరుకై, నెత్తురు అందక, మూత్రపిండం కొంచెం కొంచెం ఎండిపోతదట. రక్తం వడగట్టే జాగ దెబ్బతిని ఒంటి సత్తువ మూత్రంల పోతుంటదట. గొట్టంల తెల్లగయింది గదేనట. ఇంత జరిగినా ముందుగాల ఏ నొప్పి తెల్వదట. పోయింది మళ్ల రాదు, ఉన్నది కాపాడుకోమన్నడు.

అమ్మ తన అరచెయ్యి దిక్కే చూస్తూ కూసున్నది. నేను ఆమె కొంగు పట్టుకొని ఉన్న. "నేను పోతే గీ పోరికి ఎవ్వరు లేరు సారు" అన్నది. ఇగ నవ్వలే.

గోలీలు ఇచ్చి, ఉప్పు బాగ తగ్గించుమన్నడు. ఉప్పు లేని జొన్న గట్క గొంతు దిగుతదా అని అమ్మ రైలంత గునిసింది. ఖాలా, "మా అత్త చప్పటి వంట ఇన్నేండ్లు తిన్న, చచ్చిన్నా?" అన్నది. బోగీల పక్కన కూసున్నోళ్లు గూడ నవ్విండ్రు. ఆ పొద్దు నుంచి ఖాలా తనకు గూడ చప్పటి పప్పే వండుకొని, గిన్నె తెచ్చుకొని అమ్మ ఎదురుంగ కూసొని తింటుండె. ఆమెకు ఏ రోగం లేదు. అమ్మ ఒక్కతే చప్పిడి తినొద్దని.

అమ్మ బతికింది. నా పెండ్లి చేసింది. నా తొలి కాన్పుకు పక్కల కూసొని నడుము రాసింది మా అమ్మనే. డాక్టర్ సాబ్, ఖాలా, గా ఇద్దరి పున్నెం అది.

నా పెనిమిటి పోయి శానేండ్లయింది. ఇప్పుడు నెలకోపారి దవఖానకు నేనొక్కదాన్నే పోయి వరుసల కూసుంట. కొత్తగ వచ్చిన నర్సు పిల్ల, "ఏం నొస్తుంది అవ్వా?" అని అడుగుతది.

"ఏం నొస్తలేదు బిడ్డా, అందుకే వచ్చిన" అంట.