కొండ మీదికి ఓటు తెచ్చిన వదిన

అందరూ ఎలా ఉన్నారు? కురుపాం వైపు వాళ్లకి ఆ జ్వరాలు తగ్గాయా? సీలేరు కాలనీలో మా చెల్లెలి మోకాలు ఇప్పుడెలా ఉందో, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందో లేదో. రంపచోడవరంలో మా మేనకోడలికి బీపీ మాత్రలు వేళకి వేసుకోమని దగ్గరున్నవాళ్లు ఎవరైనా చెప్పండి, నేను ఫోన్లో చెబితే నవ్వేస్తుంది. పాడేరు ఘాటీలో రోజూ బస్సెక్కేవాళ్లు చేతులు కిటికీ బయట పెట్టకండి. నా సంగతంటారా, గుండెదడ ఉంది. అది పుట్టుకతో వచ్చిందే, దానికి మందు లేదని డాక్టరు కూడా ఒప్పేసుకున్నాడు.

ఇంతమందినీ అడిగాక చెప్పాల్సింది చెప్పక తప్పదు. మా వదిన పోయింది.

మొన్న పొద్దున్న నేను కొట్టు తలుపులు తీస్తుంటే ఆవిడ కోడలు కొండ దిగి వచ్చింది. చేతిలో బుట్ట లేదు. సంత రోజు కాని రోజున, బుట్ట లేకుండా ఎందుకొచ్చిందా అని నా గుండె అప్పుడే కొట్టుకోవడం మొదలెట్టింది.

"అత్తా, మా ముసల్ది ఎలిపోనాది. మొన్న రాత్రి అంబలి తాగినాది, పొద్దుకి లెగలేదు. నిన్ననే మట్టి సేసేసినాం" అంది. అని, అరుగు మీద వదిన ఎప్పుడూ కూర్చునే మూల కాకుండా పక్కన కూర్చుంది. ఆ మూల ఖాళీగా అలాగే ఉంది. ఇప్పటికీ ఎవరినీ కూర్చోనివ్వలేదు నేను.

వదిన అంటే మా అన్న భార్య అనుకునేరు. మాది మైదానం నుంచి వచ్చి, అరకు రోడ్డు మీద కొండ మొదట్లో కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం. ఆవిడది ఆ కొండ మీది ఊరు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, సంతకి దిగి, కొండచీపుర్ల మోపు మా అరుగు మీద దింపి, "ఒలే మరదలా, కూసింత జరుగు" అంది. వరస ఎవరూ కలపలేదు, ఆవిడే కలిపేసుకుంది. అప్పటినుంచి నేను మరదల్ని.

ఆవిడని తలుచుకుంటే నాకు పండగలకన్నా ముందు ఎలక్షన్లే గుర్తుకొస్తాయి. మన నియోజకవర్గం ఎంత పొడవో మీకు తెలియంది కాదు. పైన నేను పలకరించిన ఊళ్లన్నిటికీ కలిపి ఒక్కరే ఎంపీ. పూర్వం మన సీటుకి వేరే పేరుండేది. తర్వాత గీతలు మార్చి అరకు అన్నారు. అది విని నాకు ఒకటే బెంగ, కాగితాల మీద మన ఊరు ఎక్కడైనా జారిపోతుందేమోనని. వదిన మాత్రం పకపకా నవ్వింది. "కురుపాంలో తల, రంపచోడవరంలో కాళ్లు పెట్టి పడుకున్నాడు మన ఎంపీ. మన కొండ ఆడి నడుం కింద నలిగిపోతన్నాది. గట్టిగా గిల్లితే గానీ లెగడు" అంది.

నేను వచ్చిన కొత్తలో ఓట్ల పెట్టెలు కావిడి మీద కొండెక్కేవి. ముందు కావిడి, వెనక కానిస్టేబులు, ఆ వెనక రొప్పుకుంటూ మాస్టార్లు. పెట్టె ఎక్కుతుంటే పెళ్లికొడుకు వస్తున్నట్టు కొండ మీద డప్పులు వాయించేవాళ్లు. ఓటేసిన కాగితం మడత తప్పితే ఓటు పాడైపోతుందని విని, నేను నాలుగు రోజుల ముందునుంచీ పాత పేపర్లు మడిచి చూసుకునేదాన్ని. వదినకి ఆ భయాలేవీ లేవు. ఓటేసి దిగి వచ్చి, సిరా వేలు నా వేలి పక్కన పెట్టి, ఎవరిది నల్లగా ఉందో చూసేది. ఎప్పుడూ తనదే.

"ఎవరికేసావు వదినా?" అంటే చెప్పేది కాదు. "నీ మొగుడు నిలబడ్డాడు కదేటి, ఆడికే గుద్దినాను" అనేది. మా ఆయన లోపల పప్పు తూస్తూ సిగ్గుపడేవాడు.

తర్వాత చెడ్డ రోజులు వచ్చాయి. ఓటు వెయ్యొద్దని అడవిలో ఉండే లోపలివాళ్లు చెట్లకి కాగితాలు అంటించారు. సిరా ఉన్న వేలు ఉండదని పుకారు పుట్టింది. భద్రత చాలదని కొండ మీది పోలింగు తీసి గెడ్డ అవతల హైస్కూల్లో పెట్టారు. కొండ దిగి, వాగు దాటి, మళ్లీ ఎక్కాలి. సాయంత్రం పెందరాళే తలుపులు మూసేస్తారు. అయినా వదిన ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని, పాడుకుంటూ దిగేది. వేలు పోతుందని నేను ఏడిస్తే, "పది వేళ్లున్నాయి కదే, ఒకటి ఓటుది" అనేసింది.

ఒకసారి వాళ్లమ్మని డోలీలో దింపారు. ముసలామెకి కాళ్లు పడిపోయాయి. దారిలో వాన, గెడ్డ పొంగింది, నీరు తగ్గేదాకా ఆగారు. హైస్కూలు చేరేసరికి గేటు మూసేశారు. డోలీ గేటు బయటే దించి, వదిన ఎంతో బతిమాలింది. రూలు రూలే అన్నారు. ఆ ముసలామె మళ్లీ ఎలక్షను చూడలేదు.

అప్పుడు వదిన మా అరుగు మీద కూర్చుని చెప్పిన మాట నేను మర్చిపోలేను. "మరదలా, కొండమీద నన్నెవులూ పేరెట్టి పిలవరు. ఫలానోడి అమ్మ, ఫలానోడి పెళ్లాం. ఓటు బల్ల కాడే నా పేరు గట్టిగా సదువుతారు. మా అమ్మ పేరు ఆ పాలి సదవనేదు. సదవకుండానే పోనాది." అందుకే ఆవిడ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఆ పేరు వినిపించాల్సిన చోటు వేరే ఉంది.

ఇక అసలు కథకి వస్తాను, చెబుతుంటేనే నాకు ఒళ్లు పొంగుతోంది. మా వైపు చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి వెళతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని, వచ్చే పోయే బళ్లని ఆపి, పాట పాడి, ఆడి, పండగ కానుక తీసుకుంటారు. దాన్ని పజోరు అంటారు. ఏదో ఒకటి ఇవ్వకుండా కర్ర దాటకూడదు, దాటితే పండగకి కీడు. కిందటి ఎలక్షనుకి ముందటి ఎలక్షను సరిగ్గా ఆ పండగలోనే పడింది. వదినవాళ్లు కర్ర పట్టింది మా కొట్టు ముందే.

జెండాలు కట్టుకుని ఒక అభ్యర్థి కార్లు వచ్చాయి. కర్ర అడ్డం పడింది. ఒక నాయకుడు కిటికీలోంచి నోట్లు తీసి ఆడవాళ్ల చేతుల్లో పెట్టేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎలక్షను డ్యూటీ జీపు! డబ్బు పంచేవాళ్లని పట్టుకునే జీపు. అందులోంచి ఒక అధికారిణి దిగింది, చిన్న పిల్ల, కళ్లజోడు. పార్టీ కార్లు, ఆడవాళ్ల చేతుల్లో నోట్లు. ఇంకేముంది! వీడియో తీసేవాడు కెమెరా ఎత్తాడు. నేను బెల్లం దిమ్మ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాను. అందర్నీ జైల్లో పెడతారు, వదినకి జైల్లో అంబలి ఎవరిస్తారు అని నా గోల నాది.

"ఓట్లకి డబ్బులు తీసుకుంటున్నారా?" అంది ఆ పిల్ల.

"ఓట్లకి కాదమ్మా, కర్రకి" అంది వదిన. "ఏటేటా ఇంతే. లారీవోడిస్తాడు, బస్సోడిస్తాడు. నువ్వూ ఇయ్యాలి."

"నేను డ్యూటీలో ఉన్నానమ్మా, డబ్బులివ్వకూడదు. వాళ్లూ ఇవ్వకూడదు, మీరూ తీసుకోకూడదు."

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. ఆడవాళ్ల చేతుల్లోని నోట్లన్నీ ఏరి, ఆ నాయకుడి జేబులో తనే కుక్కింది. "ఇదిగో నీది నీకే, జేబు సిరిగిపోకుండా సూసుకో" అంది. అందరూ గొల్లుమన్నారు, వీడియో తీసేవాడు కూడా. నాయకుణ్ణి చెయ్యి పట్టుకుని లాగి, రెండడుగులు ఆడించి, అదే నీ పజోరు అని కర్ర ఎత్తి పంపించేశారు. అధికారిణి జీపు ముందు మాత్రం కర్ర మళ్లీ దిగింది.

"ఆయన ఆడేసినాడు. నువ్వేటిస్తావు?"

"నాకు ఆడటం రాదు."

"నడవడం వొచ్చు కదేటి? మా కొండకి నడిసి రా. ఓటుకి ఎంత దూరం దిగుతన్నామో నీ కాళ్లతో సూడు. అదే నీ పజోరు."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, ఆపమంది. కాసేపు కొండవైపు చూసి, చెప్పులు బిగించుకుని, "పదండి" అంది. నేను పరిగెత్తుకెళ్లి నీళ్ల సీసా, నిమ్మకాయ ఇచ్చాను. జలగలుంటాయి తల్లీ, ఉప్పు పట్టుకెళ్లమని ఉప్పు కూడా పొట్లం కట్టి ఇచ్చాను. వదిన నన్నూ రమ్మంది. "మోకాళ్లు, వదినా" అన్నాను. "ఎక్కలేనిది నీ మోకాళ్లు కాదే, నీ బుర్ర" అని పాడుకుంటూ వెళ్లిపోయింది. సాయంత్రం ఆ పిల్ల ఎర్రగా కమిలిన మొహంతో దిగింది. మా అరుగు మీద టీ తాగి, "ఈసారికి పోలింగు చోట్లు ఖాయమైపోయాయండీ. వచ్చేసారికి రాసి పంపుతాను" అంది. ఎవరు నమ్మారు చెప్పండి? వదిన ఒక్కతే నమ్మింది. "కర్ర కాడ మాటిచ్చినాది, తప్పదు" అంది.

తప్పలేదు. కిందటి ఎలక్షనుకి కొండ మీది బడిలో పోలింగు పెట్టారు. మిషను కొండెక్కింది! మళ్లీ డప్పులు వాయించారట. మంచాన ఉన్న ముసలివాళ్లని కూడా మనవలు వీపున ఎక్కించుకుని తెచ్చారట. ఆ వారం సంతకి వదిన అందరికన్నా ముందు దిగి, నా ముక్కు మీద సిరా వేలు ఆనించి, "నా పేరు సదివితే కొండ తిరిగి పలికినాదే మరదలా!" అంది. ఆవిడ కళ్లలో అంత వెలుగు అంతకు ముందు నేను చూడలేదు.

ఇప్పుడు చెప్పండి, నాకు బెంగ ఉండదూ? పిల్లలు తక్కువయ్యారని ఆ బడిని కింది బడిలో కలిపేశారు. గదికి తాళం పడింది. గాలివానకి రేకులు లేచిపోయాయి. మళ్లీ ఎలక్షన్లు వస్తున్నాయి, బిల్డింగు బాగుందో లేదో చూడటానికి ఇంజినీర్లు వస్తారట. బాగా లేకపోతే పోలింగు మళ్లీ గెడ్డ అవతలికే. ఈ మాట చెప్పింది వదిన కోడలే, చావు కబురు తెచ్చిన రోజునే.

"ఏం చేస్తారే ఇప్పుడు?" అని నేను గుండె పట్టుకున్నాను.

"సేసేసినాం. రేకులు మగోళ్లు కట్టినారు. మేం గచ్చు అలికినాం. నడవలేనోళ్ల కోసం గుమ్మం కాడ రాళ్లేసి వాలు కట్టినాం. ముసల్ది రాళ్లు మోసినాది అత్తా. వొద్దంటే ఇనలేదు. ఆఖరి రాయి తనే ఎట్టినాది, ఆ రాత్రే..." అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, మా అరుగు చూరులోకి చూసింది. పండగ అయ్యాక వదిన ఏటా ఆ వెదురుకర్రని అక్కడే దోపేది. "దీన్ని పట్టుకెళ్లాలి. ఆళ్లు రాగానే దారికి అడ్డం పెడతాం. బడి సూడకుండా ఇంజినీరు బాబులు ఎనక్కి తిరగకూడదు కదా."

పొడుగు కర్ర. ఒక్క మనిషి మోసుకుంటూ ఆ మలుపులు ఎక్కడం కష్టం. అది ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. 

"ముందు కొస నువ్వు పట్టుకో. వెనక కొస నేను పట్టుకుంటాను" అన్నాను.

కాబట్టి ఈ శుక్రవారం సంతకి వచ్చేవాళ్లు మా కొట్టు మూసి ఉందని కంగారు పడకండి. ఉప్పు పొట్లం కట్టుకున్నాను, మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాను. వానొస్తే గొడుగు ఎవరు పట్టుకుంటారన్నది ఇంకా తేలలేదు. ఇంజినీర్లు వచ్చేది మధ్యాహ్నం. వదిన కోడలు గురువారం సాయంత్రమే దిగి వస్తుంది. మేం పొద్దున్నే, మంచు విడవగానే, కర్ర రెండు కొసలూ పట్టుకుని బయలుదేరతాం. వదిన ఊరికి నేను వెళ్లడం ఇదే మొదలు. శుక్రవారం, తప్పదు.