థర్లో ఇంటి సిమెంటు గోడ

ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ట్యూడర్ కాలపు కొయ్యచట్రం ఇల్లు కొనేవాళ్లు ముందుగా పాత కొయ్యపని తెలిసిన గారడ్‌ను పిలిచి చూపిస్తారు. అతను టోపీ తీసి, ఓక్ స్తంభాలను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వింటాడు. అనుమానం వస్తే చాకు మొన గుచ్చుతాడు. ఆ రోజు థర్లో అనే ఊళ్లోని ఇంట్లో, వీధిగోడ అడుగున పరిచిన దూలంలోకి చాకు పిడిదాకా దిగింది. సున్నం ఉండాల్సిన గోడకు ఎవరో సిమెంటు పూశారు. తడి బయటికి పోలేక కొయ్య లోలోపలే కుళ్లింది.

"ఏంటయ్యా, డాక్టరులా నాడి చూస్తున్నావ్?" అంది ఇల్లు అమ్ముతున్న ముసలావిడ మేవిస్. "ఆ గోడకి సిమెంటు మా ఆయనే పూశాడు. నాకు చలి తగలకూడదని, పోయే ముందు వేసవంతా దాని మీదే ఉన్నాడు. బాగా కుదిరింది కదూ?"

"ఒక్క బీట కూడా లేదమ్మా," అన్నాడు గారడ్, చాకు మడుస్తూ.

వీధిలోకి వచ్చాక, కొనబోయే ఫెన్‌కు మాత్రం ఏదీ దాచలేదు.

"అయితే వాళ్లాయన చేసిన నష్టం ఆవిడకి చెప్పి ధర తగ్గించమంటాను," అన్నాడు ఫెన్.

"తగ్గించమను బాబూ, అది న్యాయమే. నింద మాత్రం ఆయన మీద కాదు, పాతబడిందని దూలం మీద వెయ్యి. అయిదొందల ఏళ్ల నుంచీ ఇల్లంతా మోస్తోంది, ఇదీ మోస్తుంది."