అన్నిటికీ ఒకే టిక్కు

రేషన్ కార్డుల తనిఖీ పని ఆ ఏడు బసవపున్నయ్య అనే కాంట్రాక్టరుకు దక్కింది. సర్వేకు వెళ్ళినవాళ్ళు తాళం కనబడిన ప్రతి ఇంటికీ ‘లేరు’ అని రాసుకొచ్చేవాళ్ళు. తలుపుకు తాళం ఉంటే మనిషే లేనట్టన్న రూలు ఎవరు రాశారో గాని, కూలికిపోయి బతికేవాళ్ళు మాత్రం రాయలేదు. భవానీపురం దర్జీ కాశిం కూతురు ఇష్రత్ ఆయన ఆఫీసులో ఆ పేర్ల పక్క గడుల్లో కంప్యూటర్ మీద టిక్కులు పెట్టేది. సబ్మిట్ నొక్కితే కార్డు రద్దు.

రోజంతా మౌసు నొక్కి ఆమె మణికట్టు వాచింది. ఇంటర్నెట్ సెంటర్లో వేరేవాళ్ళ వెబ్ పేజీల కోడ్ చూసి నేర్చుకున్నదాంతో నాలుగు లైన్ల స్క్రిప్టు రాసింది. పేజీ పైన ఒక గడి పెట్టింది. అది నొక్కితే కిందివన్నీ టిక్కవుతాయి, మళ్ళీ నొక్కితే అన్నీ పోతాయి. బసవపున్నయ్య సంబరపడి అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

జనవరిలో ఒక పేట మొత్తం ‘లేరు’ అని వచ్చింది. ఇష్రత్ పై గడి నొక్కింది. సబ్మిట్ దగ్గరికి పోతుంటే మణెమ్మ పేరు కనబడింది. వాళ్ళ వీధికి ఆకుకూరలు తెచ్చే మణెమ్మ. చెరకు నరకడానికి ఉయ్యూరు పోతున్నామనీ, చక్కెర ఫ్యాక్టరీ ఆగేదాకా రాననీ పోయిన వారమే చెప్పి వెళ్ళింది. చెరకు కాలంలో ఆ పేటంతా తాళాలే, ఏటా అంతే. ఒక్కో గడీ నొక్కిన రోజుల్లో ఒక్కో పేరూ కంటపడేది. ఇష్రత్‌ సబ్మిట్ నొక్కలేదు. పై గడి మళ్ళీ నొక్కింది. టిక్కులన్నీ పోయాయి.

వెనక నిలబడ్డ బసవపున్నయ్య చూశాడు.

“ఏంటమ్మాయ్, పెట్టినవన్నీ తీసేశావ్?”

“వీళ్ళు లేకపోవడం కాదండీ, ఉయ్యూరులో చెరుకు కొడతన్నారు. తిరిగొచ్చేసరికి బియ్యం ఉండవు.”

“సాయంత్రానికి ఫైలు పోవాలి. పేట సంగతంతా నీకెందుకు?”

“నేను నొక్కలేనండీ. మీరే కూర్చోండి. ఒక్కో పేరూ చదువుకుంటా నొక్కండి.”

ఉద్యోగం పోయిందనుకునే అంది. ఆయన విసురుగా కూర్చున్నాడు. రెండు పేర్లు పైకి చదివాడు. మూడోది నోట్లోనే ఆగిపోయింది. మౌసు వదిలి లేచాడు.

“ఫ్యాక్టరీ ఎప్పుడాగుద్దంట?” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆ పేటను పెండింగులో పెట్టారు. చెరకు కొట్టడం అయ్యాక సర్వేవాళ్ళు మళ్ళీ వెళ్ళారు. మణెమ్మ కార్డు మిగిలింది.

రద్దు పేజీలో పై గడిని ఇష్రత్ తీసేసింది. కాశిం కుట్టగా మిగిలిన గుడ్డపేలికను మణికట్టుకు బిగించుకుని, పేరు పేరునా చదువుతూ మళ్ళీ నొక్కుతోంది.